మూడూ నలభై ఎవరి గడియారంలో?

ఫోన్ మోగేసరికి తెల్లవారుజామున నాలుగూ అయిదు. 2024 ఆగస్టు 17, శనివారం. ముందురోజే వరలక్ష్మీ వ్రతం, గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు. అవతల మా ఫ్యాక్టరీలో కంప్రెసర్ చూసుకునే బాబాయ్.

"కంప్యూటర్లో ఎర్రక్షరాలు వచ్చేశాయండి. ఇంగ్లీషులో ఏదో రాసుంది. అమ్మోనియా ప్రెషర్ కనపట్టం లేదు" అన్నాడు.

ఎర్రక్షరాల సంగతి ఎలా ఉన్నా, అమ్మోనియా మాటకి నిద్రంతా వదిలిపోయింది. కోల్డ్ స్టోరేజీని చల్లబరిచేది ఆ వాయువే, లీకైతే ప్రాణాల మీదికొస్తుంది.

మాది ఉండికీ ఆకివీడుకీ మధ్య రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు. చెరువు గట్టు మీంచి ఐసు పెట్టెల్లో వనామీ రొయ్య వస్తుంది. తలలు తీసి, కౌంటు వారీగా, అంటే సైజుల వారీగా విడదీసి, గడ్డ కట్టించి, మైనస్ 18 డిగ్రీల కోల్డ్ స్టోరేజీలో పెట్టి, కంటైనర్లలో విశాఖ పోర్టుకి పంపుతాం. కాగితం మీద నేను ఐటీ మేనేజర్ని. నా కింద ఎవరూ లేరు. ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం దగ్గర్నుంచి సర్వర్ దాకా నేనే.

"ప్యానెల్ మీద ముళ్ళు చూడు బాబాయ్, అవి సరిగ్గా ఉన్నాయా?" అన్నాను. ఉన్నాయన్నాడు. ప్రాణం కుదుటపడింది. కంప్యూటర్ అంకెల్ని చూపించేది మాత్రమే, కంప్రెసర్‌ని నడిపేది దాని సొంత ప్యానెలే. "అరగంటకోసారి ఆ అంకెలు పుస్తకంలో రాస్తూ ఉండు. కంప్యూటర్లేవీ ఆపకు. నెట్ వైర్లు మాత్రం అన్నీ పీకెయ్" అని చెప్పి బండి తీశాను. కంప్యూటర్ ఆపేస్తే దాని మెమరీలో ఉన్న ఆనవాళ్ళు పోతాయి. నెట్ వైర్ తీస్తే మిగతావాటికి అంటుకోవడం ఆగుతుంది. ఈ ఒక్కటీ ఎప్పుడో చదివింది గుర్తుంది. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పనుల్లో ఇదొకటి. సరిగ్గా చెయ్యనిదాని గురించి ముందు ముందు చెబుతాను, అసలు ఇదంతా రాస్తున్నది దానికోసమే.

వెళ్ళి చూస్తే సర్వరు, కాటా దగ్గర కంప్యూటరు, అకౌంట్సు, క్వాలిటీ, కంప్రెసర్ గది, అయిదూ పోయాయి. ఫైళ్ళ పేర్ల చివర ఏవో అర్థం లేని అక్షరాలు. తెర మీద ఒకటే మాట: మీ ఫైళ్ళకి తాళం వేశాం, తాళంచెవి కావాలంటే మమ్మల్ని సంప్రదించండి. రాన్సమ్‌వేర్ అన్నమాట. పేపర్లో చదవడమే గానీ, రొయ్యల కంపు కొట్టే మా ఆఫీసు దాకా వస్తుందని అనుకోలేదు.

అయిదున్నరకి ఓనరు రాజుగారు వచ్చారు. "ఎంతట?" అన్నారు మొదట. రేటు రాయలేదండి, మాట్లాడితే చెబుతారట అన్నాను. "దొంగతో బేరమేంటి, అక్కర్లేదు" అన్నారు. ఆ విషయం అక్కడితో అయిపోయింది. తర్వాత నేను నో మోర్ రాన్సమ్ అనే సైటులో మా ఫైలొకటి పెట్టి చూశాను. యూరోపోల్, డచ్ పోలీసులు, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిందది. కొన్ని రకాల రాన్సమ్‌వేర్‌కి తాళంచెవులు ఉచితంగానే దొరుకుతాయి. మాదానికి లేదు.

అప్పటికే గేటు దగ్గర రెండు లారీల సరుకు. రొయ్య ఆగదు కదా. కాటా చీటీలు చేత్తో రాయమని చెప్పి, మేం నలుగురం క్వాలిటీ మేడమ్ గదిలో కూర్చున్నాం. రాజుగారు, మేడమ్, అకౌంటెంటు గారు, నేను. మేడమ్ కొత్త లాంగ్ నోట్‌బుక్ తీసి మొదటి పేజీ మీద గీతలు గీసింది. ఎన్ని గంటలకి, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎవరికి చెప్పాం. "బయటికి ఎవరికేం చెప్పినా ఇందులోంచే చెప్పాలండి. ఇందులో లేనిది ఎవరికీ చెప్పొద్దు" అంది. ఎగుమతి ప్లాంటులో క్వాలిటీ వాళ్ళకి రిజిస్టరే దేవుడు. మామూలు రోజుల్లో ఆ పిచ్చి చూసి నవ్వుకునేవాణ్ణి.

ఆ పుస్తకం చూస్తే మా నాన్న గుర్తొచ్చాడు. నాన్న 'వెంకయ్య వయ్యేరు' అనే కాలువ మీద ఒక లాకు దగ్గర లస్కరుగా, అంటే నీటి తలుపులు ఎత్తి దించే పనిలో చేసి రిటైరయ్యాడు. లాకు గదిలో ఒక గోడ గడియారం, ఒక పుస్తకం. ఎన్ని గంటలకి ఎంత నీరు ఉంది, ఎన్ని తలుపులు ఎత్తారు, పై లాకు నుంచి ఏం కబురొచ్చింది, అంతా అందులోనే. వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పడవలు తిప్పేవాళ్ళకైనా, రెవెన్యూ వాళ్ళకైనా, పోలీసులకైనా అదే లెక్క. ఎవరి పని వాళ్ళదే, అడుగులు మాత్రం అందరివీ ఒకటే. నాన్న రోజూ పొద్దున్న రేడియోలో వార్తలు మొదలయ్యే వేళకి ఆ గడియారం ముల్లు సరిచేసేవాడు. చిన్నప్పుడు అదొక చాదస్తమనుకునేవాణ్ణి.

సరే, ఎవరెవరికి చెప్పాలి?

మొదట సెర్ట్ ఇన్. దేశంలో కంప్యూటర్ భద్రత సంఘటనలకి కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ. 2022 ఏప్రిల్ 28న వాళ్ళిచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటిది జరిగినట్టు గమనించిన 6 గంటల్లోపు వాళ్ళకి తెలియజెయ్యాలి. చిన్న సంస్థలకి ఆ ఏడాది సెప్టెంబరు 25 దాకా గడువిచ్చారు, ఆ తర్వాత అందరికీ ఒకటే రూలు. ఈ సంగతి నాకు తెలుసు, కానీ ఎప్పుడో అవసరమవుతుందని అనుకోలేదు. గమనించింది నాలుగూ అయిదుకి, అంటే పదీ అయిదుకి గడువు. ఫారం చూస్తే సగం గళ్ళకి నా దగ్గర జవాబు లేదు. ఎలా వచ్చారు? తెలీదు. ఏం పట్టుకుపోయారు? తెలీదు. అన్నీ తెలిశాక పంపుదామనుకున్నాను. మేడమ్ ఒప్పుకోలేదు. తెలిసినంత వరకు రాసి, మిగతాది తర్వాత పంపుతామని చెప్పు అంది. నిజానికి వాళ్ళూ చెప్పేది అదే, చేతిలో ఉన్న వివరాలతో ముందు తెలియజెయ్యండి, మిగతాది తర్వాత ఇవ్వొచ్చు అని. తొమ్మిదీ ముప్పై ఏడుకి మెయిల్ వెళ్ళింది.

ఇది కాకుండా ఇంకోటి బయటపడింది. ఎనిమిది గంటలప్పుడు, ఏ కంప్యూటర్లో ఏ పని ఉండేదో రాసుకుంటున్నాం. అకౌంటెంటు గారు మామూలుగా అన్నారు, "నిన్న సాయంత్రం ఫీడు కంపెనీ వాళ్ళ కొత్త ఖాతాకి 11 లక్షల 40 వేలు కొట్టాను, ఆ ఓచరు కూడా పోయినట్టేనా?"

కొత్త ఖాతా ఏంటండీ అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. ఖాతా మారిందని ఫీడు కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట. మెయిల్ అడ్రసు చూస్తే ఒక అక్షరం తేడా. ఆయన ముఖం చూళ్ళేకపోయాను. ముప్పై ఏళ్ళ సర్వీసు, పది పైసలు తేడా వస్తే రాత్రి ఇంటికెళ్ళని మనిషి.

1930కి ఫోన్ చేశాం. ఆన్‌లైన్ డబ్బు మోసాలకి దేశమంతా ఒకటే నంబరు. ఇక్కడ ఒక మాట. వాళ్ళకి మన కథ అక్కర్లేదు. రాన్సమ్‌వేర్, ఎర్రక్షరాలు, అమ్మోనియా, ఇవన్నీ చెబుతూ పోయాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, "సార్, యూటీఆర్ నంబరు చెప్పండి" అంది. బ్యాంకు ద్వారా పంపిన ప్రతి చెల్లింపుకీ పడే గుర్తింపు నంబరది. పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్ అయితే దానికి అక్షరాలూ అంకెలూ కలిపి 22 ఉంటాయి. కంప్యూటరు పోయినా అకౌంటెంటు గారు తన డైరీలో చేత్తో రాసుకున్నారు. ఆయన చదువుతుంటే నేను పలికాను. ఎప్పుడు, ఎంత, ఏ బ్యాంకు నుంచి, ఏ ఖాతాకి. అంతే, ఫిర్యాదు నంబరు వచ్చింది. ఆ వివరం నేరుగా బ్యాంకులకి వెళ్తుంది, డబ్బు ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపుతారు, అది అక్కణ్ణుంచి జారిపోతే తర్వాతి ఖాతాలో వెతుకుతారు. అందుకే అక్కడ నిమిషాలకే విలువ. మాకు అప్పటికే పదిహేనున్నర గంటలు గడిచిపోయాయి. చివరికి రెండో మెట్టులో ఒక ఖాతాలో 4 లక్షల 10 వేలు ఆగాయి. మిగతాది ఎటు పోయిందో బ్యాంకు కాగితాల్లో చూస్తే కళ్ళు తిరుగుతాయి.

అకౌంటెంటు గారు మా బ్యాంకు బ్రాంచికి ఉత్తరం పట్టుకుని వెళ్ళారు. మూడో శనివారం కాబట్టి బ్యాంకు తెరిచే ఉంది. వాళ్ళకి ఉత్తరం మీద కంపెనీ స్టాంపు, 1930 ఫిర్యాదు నంబరు, ఎఫ్ఐఆర్ కాపీ కావాలి. ఎఫ్ఐఆర్ ఇంకా కాలేదంటే, అయ్యాక ఇవ్వండి అని మిగతావి తీసుకున్నారు. నిజానికి ఆ రోజు అందరికంటే తక్కువ ఇబ్బంది పెట్టింది వాళ్ళే.

పోలీసుల దగ్గర వేరే చిక్కు. ఫ్యాక్టరీ ఉప్పుటేరుకి ఇవతల, పశ్చిమ గోదావరి జిల్లాలో. రిజిస్టర్డ్ ఆఫీసు, బ్యాంకు బ్రాంచి అవతల కైకలూరులో. 2022లో జిల్లాలు మార్చక ముందు కైకలూరు కృష్ణా జిల్లా, ఆ తర్వాత ఏలూరు జిల్లా. రాజుగారు ముందు వెళ్ళిన స్టేషన్లో, డబ్బు పోయింది అవతల కాబట్టి అక్కడికెళ్ళండి అన్నారట. అవతల, కంప్యూటర్లు ఇవతల ఉన్నాయి కదా అన్నారట. ఉప్పుటేరు వంతెన మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక రాజుగారు నాకు ఫోన్ చేసి తిట్టారు. నేను చేసిందేమీ లేదు, కానీ ఎవరినో ఒకరిని తిట్టాలి కదా.

జిల్లా సైబర్ సెల్‌లో ఒక కానిస్టేబుల్ గారు దారి చెప్పారు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. అదే జీరో ఎఫ్ఐఆర్. తర్వాత వాళ్ళే సరైన స్టేషన్‌కి పంపుకుంటారు. ఐటీ చట్టం కింద కేసయితే దర్యాప్తు చేసేది ఇన్‌స్పెక్టర్ స్థాయి అధికారే అయ్యుండాలి, ఆ విషయం కూడా చెప్పారు. ఆ సాయంత్రానికి ఫిర్యాదు తీసుకున్నారు.

అప్పటికి నాకు అర్థమైన సంగతి, ఒక్కొక్కరు అడిగే ప్రశ్న వేరు. సెర్ట్ ఇన్ అడిగేది ఏ కంప్యూటర్, నెట్‌లో దాని చిరునామా అంటే ఐపీ ఏది, ఎప్పటి నుంచి. 1930 అడిగేది ఏ ఖాతా, ఎంత. బ్యాంకు అడిగేది కాగితం. పోలీసు అడిగేది ఎవరి మీద అనుమానం. విదేశీ కొనుగోలుదారు అడిగేది నా సరుకు చల్లగానే ఉందా అని. కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతల రికార్డు ఎగుమతికి తప్పనిసరి, అది కంప్యూటర్లో పోయింది. కంప్రెసర్ బాబాయ్ అరగంటకోసారి పుస్తకంలో రాసిన అంకెలే ఆ రెండు రోజులకీ మా రికార్డు. గేటు బయట రైతులు అడిగేది, సోమవారం డబ్బులు పడతాయా లేదా. ఇందరికీ జవాబు ఇవ్వాల్సింది మాత్రం ఆ నలుగురమే, నిద్ర లేకుండా.

పనులు ఒకదానికొకటి అడ్డం కూడా వచ్చాయి. పోలీసులు అకౌంట్సు కంప్యూటర్ పట్టుకెళ్తామన్నారు. అది వెళ్ళిపోతే సోమవారం చెల్లింపులు ఆగుతాయి. నేను వెంటనే చెరిపేసి కొత్తగా ఎక్కిద్దామని చూస్తే ఆధారాలు పోతాయి. చివరికి హార్డ్ డిస్కు ఉన్నదున్నట్టు నకలు తీసి, అసలుది వాళ్ళకిచ్చి, కొత్త డిస్కు మీద పని మొదలుపెట్టుకునేట్టు ఒప్పందం కుదిరింది. నకలుకి షా 256 హ్యాష్ తీయాలి, 64 అక్షరాల వేలిముద్ర లాంటిది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది. కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్లో ఈ హ్యాష్ రాయాలి. మేడమ్ ఆ 64 అక్షరాలూ ఒక్కొక్కటే పైకి చదువుతుంటే నేను సరిచూశాను. లలితా సహస్రనామం చదివినంత శ్రద్ధగా చదివింది.

బ్యాకప్ కథ చెప్పకుండా ఉండలేను. మా బ్యాకప్ హార్డ్ డిస్కు ఎప్పుడూ సర్వర్‌కి తగిలించే ఉంటుంది. అంటే సర్వర్‌తో పాటు అదీ పోవాలి. కానీ శుక్రవారం ఆఫీసులో అమ్మవారి పటం దగ్గర సీరియల్ లైట్లు పెట్టడానికి ప్లగ్గు చాలక, ఎవరో బ్యాకప్ డిస్కు అడాప్టర్ పీకేశారు. దాంతో గురువారం రాత్రి దాకా ఉన్న డేటా మొత్తం భద్రం. వరలక్ష్మీ దేవే కాపాడింది అని రాజుగారి నమ్మకం. నేను కాదనలేదు. ఇప్పుడు మాత్రం రెండు డిస్కులు, ఒకటి ఎప్పుడూ బీరువాలోనే.

ఇక నా తప్పు.

సాయంత్రం స్టేషన్ నుంచి రాజుగారు ఫోన్ చేసి, ఎప్పుడు చొరబడ్డారో కాగితం మీద కావాలంటున్నారు, వెంటనే పంపు అన్నారు. ఫైర్‌వాల్ అంటే బయటి నెట్‌కీ మా కంప్యూటర్లకీ మధ్య కాపలా పెట్టె. దాని లాగ్, అంటే రాకపోకల చిట్టా, అప్పటికే తీసి ఉంచాను. బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా, అంటే దూరం నుంచే కంప్యూటర్ నడిపే ఏర్పాటు ద్వారా, సర్వర్లోకి వచ్చిన వరస స్పష్టంగా ఉంది. కాటా సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు రిపేర్ల కోసం తెరిచి పెట్టిన దారి, మూయమని వాళ్ళూ చెప్పలేదు, నేనూ మూయలేదు. ఆ పేజీ ప్రింటు తీసి డ్రైవర్ చేతికిచ్చాను. పుస్తకంలో ఎక్కించలేదు, మేడమ్‌కి చూపించలేదు. టైము లేదు, తొందర, టెన్షన్. కారణాలు ఎన్నయినా చెప్పొచ్చు.

ఆ కాగితం మీద తాళాలు వెయ్యడం మొదలైన సమయం ఆగస్టు 16, 22 గంటల 10 నిమిషాలు.

మా ఫైర్‌వాల్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక టైములో నడుస్తుంది. మన టైముకి అయిదున్నర గంటలు వెనక. అంటే అది నిజానికి 17వ తేదీ తెల్లవారుజామున మూడూ నలభై. తేదీయే మారిపోయింది. నాకు తెలుసు కాబట్టి నేను చదివేటప్పుడు మనసులోనే కలుపుకుంటాను. కాగితానికి ఆ సంగతి తెలీదు, పోలీసులకీ తెలీదు.

పోలీసులు సీసీ కెమెరా రికార్డు చూశారు. 16వ తేదీ రాత్రి పదింటి ప్రాంతంలో ఆఫీసులోకి వెళ్ళింది ఒకే ఒక్క మనిషి, మా వాచ్‌మన్ తాత. అమ్మవారి దగ్గర దీపం ఆరిందో లేదో చూడ్డానికి వెళ్ళి, సీరియల్ లైట్లు ఆపి వచ్చాడు. ఆ సాయంత్రం డబ్బు పోయింది, ఆ రాత్రే కంప్యూటర్లు పోయాయి, ఆ గదిలో ఉన్నది తాత. వాళ్ళ వైపు నుంచి చూస్తే లెక్క చక్కగా కుదిరింది.

ఆదివారం పొద్దున్న తాతని స్టేషన్‌కి పిలిచారు. కొట్టలేదు, తిట్టలేదు. బల్ల మీద కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. ఎవరు రమ్మన్నారు, ఎవరికి ఫోన్ చేశావు, కంప్యూటర్లో ఏం గుచ్చావు. తాత ఫోన్ బటన్ల ఫోను. ఆయన మనవడు మధ్యాహ్నం ఏడుస్తూ ఫ్యాక్టరీకి వచ్చేదాకా నాకు ఈ సంగతే తెలీదు.

మేడమ్ పుస్తకం తిరగేసింది. పేజీలన్నీ మూడూ నలభై చుట్టూనే ఉన్నాయి. "పది గంటలు అన్నది ఎక్కణ్ణుంచి వచ్చిందండి?" అని నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆ కాగితం.

బండి మీద వెళ్తుంటే చెప్పాల్సిన మాటలు కూడబలుక్కున్నాను. ఇన్‌స్పెక్టర్ గారికి యూటీసీ అని మొదలుపెడితే ఏదో సాకు చెబుతున్నాననుకున్నారు. చివరికి ఒక పని చేశాను. నా ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌కి కలిపి, ఆయన చేతి గడియారం పక్కన పెట్టి, "ఇప్పుడు మీ టైమెంతండి?" అన్నాను. రెండూ నలభై. ఫైర్‌వాల్ చూపిస్తున్నది పొద్దున్న తొమ్మిదీ పది. ఆయన రెండూ చూశారు, మళ్ళీ చూశారు. "ఇది లండన్ టైమా?" అన్నారు. అలాంటిదేనండి అన్నాను. ఆ కాగితం మీద నా చేత తప్పు ఒప్పుకుంటూ రాయించుకుని, సంతకం తీసుకుని, తాతని పంపేశారు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "మీరే సరిగ్గా ఇవ్వకపోతే మేమేం చేస్తాం" అని మామూలుగా అన్నారు, అది ఎక్కువ తగిలింది.

తాత బండెక్కలేదు. నడిచే వస్తానన్నాడు.

ఆ రాత్రి కూర్చుని ఫ్యాక్టరీలో ఉన్న గడియారాలన్నీ లెక్కేశాను. సీసీ కెమెరాల డబ్బా పదకొండు నిమిషాలు వెనక. వేలిముద్రల హాజరు మిషను నాలుగు నిమిషాలు ముందు. ఫైర్‌వాల్ అయిదున్నర గంటలు వెనక. సర్వరు సరిగ్గానే ఉంది, కానీ దాన్ని నమ్మేవాడెవడు? అప్పటికే పంపిన వివరాలన్నీ ఒక్కొక్కటే మన టైముకి మార్చి, పక్కన మూలం కూడా రాసి, సెర్ట్ ఇన్‌కీ బ్యాంకుకీ సవరణ పంపాం. సెర్ట్ ఇన్‌కి మొదట పంపిన దాంట్లోనూ ఒకచోట ఇదే పొరపాటు దొర్లింది. వాళ్ళు లాగ్‌లు, తాళం పడిన ఫైలు నమూనా, ఆ ఎర్రక్షరాల ఫోటో అడిగారు, వాటితో పాటే ఇదీ పంపాం.

2022 ఆదేశాల్లోనే ఉంది, కంప్యూటర్ల గడియారాలన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ టైమ్ సర్వర్లతో కలుపుకోవాలని. లాగ్‌లు 180 రోజులు దాచాలని కూడా ఉంది. మా ఫైర్‌వాల్ 7 రోజులే దాచేది. దొంగలు మొదట తలుపు తట్టింది 14వ తేదీన కాబట్టి అది లాగ్‌లో దొరికింది, ఇంకో వారం ముందు వచ్చి కూర్చుని ఉంటే మా దగ్గర ఏమీ మిగలదు. ఆ ఆదేశాలు చదివినప్పుడు గడియారాల మాట ఎందుకు రాశారా అనుకున్నాను. లాకు గదిలో నాన్న రేడియో కోసం కాచుకుని కూర్చునేది ఇందుకే కాబోలు. పై లాకు వాళ్ళు ఆరింటికి తలుపులెత్తాం అంటే, కింద లాకు గడియారంలో కూడా అది ఆరే అవ్వాలి. లేకపోతే నీళ్ళు వచ్చి గట్టు మీద పడతాయి.

ఇప్పుడు అన్నీ ఒకే సర్వర్‌తో కలిపాను. ప్రతి నెలా మొదటి తారీకున కెమెరాల డబ్బా ముందు నిలబడి నా ఫోన్‌తో పాటు ఫోటో తీస్తాను. ఎక్కడికి ఏ కాగితం వెళ్ళినా, అది ఎంత తొందరైనా సరే, మేడమ్ పుస్తకంలో వరస నంబరు పడ్డాకే వెళ్తుంది. రిమోట్ దారి మూసేశాను. కాటా సాఫ్ట్‌వేర్ వాళ్ళు రావాలంటే ముందు ఫోన్ చెయ్యాలి. ఖాతా మారిందని ఎవరు మెయిల్ పెట్టినా అకౌంటెంటు గారు మనకి ముందే తెలిసిన నంబరుకి ఫోన్ చేసి, గొంతు గుర్తుపట్టాకే నమ్ముతున్నారు.

సోమవారం రైతులకి డబ్బు పడింది. గురువారం దాకా ఉన్న డేటా మీద, శుక్రవారం చీటీలు చేత్తో ఎక్కించి. ఎగుమతి కంటైనరు మూడు రోజులు ఆలస్యమైంది. ఆగిన 4 లక్షల 10 వేలు కోర్టు ఉత్తర్వుతో వెనక్కి వచ్చేసరికి తర్వాతి ఏడాది ఫిబ్రవరి. ఆ దరఖాస్తు నాగరిక్ సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద వెయ్యాలి, అది కూడా బ్యాంకు మేనేజర్ గారే చెప్పారు. కేసు ఇంకా నడుస్తోంది.

తాత ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు. గేటు తీసేవాడు, తల తిప్పుకునేవాడు. వినాయక చవితి నాడు ఫ్యాక్టరీలో ఉండ్రాళ్ళు పంచుతుంటే ఆయన దగ్గరికి నేనే పట్టుకెళ్ళాను. తీసుకున్నాడు. తిన్నాక గేటు దగ్గరి రిజిస్టరు ముందుకు జరిపాడు. వచ్చిన లారీలు, వెళ్ళిన లారీలు, అన్నిటికీ టైము రాయాలి అందులో. పెన్ను పట్టుకుని నా ఫోన్ వైపు చూశాడు.

"ఇది మన టైమేనా బాబూ, లండన్‌దా?"

మనదే తాతా అన్నాను. ఏడూ పదహారు అని రాసుకున్నాడు.